పీల్చడం రాని బ్యాండు మేష్టారు

ఊదుతున్నారా? పీల్చమంటే ఊదుతున్నారా? అంతమాత్రానికే ఇంత దిగాలుపడి కూర్చున్నావా తల్లీ? ముందు ఆ సంచీ పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చో. ఛాతీ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి ఇంకా నెల తిరగలేదు, అప్పుడే లోకమంతా మొండివాళ్లతో నిండిపోయిందని తీర్మానించేస్తే ఎలాగ? ఆయాసంతో వచ్చినవాడి నోటికి ఓ ఇన్‌హేలర్ అందించి, పొడిమందు లోపలికి లాగవయ్యా అని నువ్వు చెప్పావు, అతను బయటికి ఊదాడు. నీకు కోపమొచ్చింది. రావలసిందే. కాని ఊదడమనే విద్యలో నీ రోగులందరూ అక్షరాభ్యాసం దగ్గరే ఉన్నారమ్మా. ఆ విద్యకి ఆద్యుడు, ఆచార్యుడు, ఏకచ్ఛత్రాధిపతి మీ తాతయ్య. అవును, మీ అమ్మమ్మ మొగుడే, సాక్షాత్తూ మా బావే. నీకు గుర్తుండడులే. ఆయన పోయేనాటికి నువ్వు పాకే పిల్లవి. ఆయన మీసం పట్టుకుని ఊగడం ఒక్కటే నువ్వు ఆయనకి చేసిన శుశ్రూష. ఆ, చెబుతాను. మధ్యలో గడియారం చూడనంటేనే చెబుతాను.

మీ తాతయ్య ఊరి బ్యాండుకి మేష్టారని వినే ఉంటావు. క్లారినెట్ ఆయనది. నేనేమో పగలు బడిలో పిల్లలకి ఛందస్సు చెప్పేవాణ్ణి, సాయంత్రం ఆయన వెనకాల పెద్ద డ్రమ్ము వాయించేవాణ్ణి. రెండూ ఒకటే కొలువులే, దెబ్బ పడవలసిన చోట పడితే చాలు. ఆయన చిన్నప్పటి నుంచీ ఊదీ ఊదీ, పెదవులకి ఏది తగిలినా ఊదడమే ఎరుగును. వేడి టీ ఊదేవాడంటే అందరూ ఊదుతారు. ఈయన చల్లటి మంచినీళ్లు కూడా ఊదుకుని తాగేవాడు. మా అక్కయ్య, అదే మీ అమ్మమ్మ, పెళ్లయిన కొత్తల్లో ఓసారి కాచిన పాలమీద మీగడ కట్టిందేమో చూడమని గిన్నె ఇస్తే, మీగడ ఎగిరి గోడమీద పడిందిట. అక్కయ్య చెప్పిన మాటే, నేను కల్పించింది కాదు. కల్పిస్తే ఇంకాస్త బాగా కల్పిద్దును.

సరే, అసలు సంగతి. ఏడాదికోసారి ఊళ్లో ఎత్తువీధి ఎక్కడమని ఒకటుండేది. రైలు స్టేషను దగ్గర బయలుదేరి, ఆ నిట్టనిలువు వీధి వెంట వాయిస్తూ, పైన మునిసిపాలిటీ మేడ మెట్లదాకా నడవాలి. దారిలో నిలబడకూడదు. ముందు నడిచే మేష్టారు ఎక్కడైనా నిలబడిపోయాడో, ఆ క్షణాన వెనకవాడు ముందుకొచ్చి మేష్టారవుతాడు. అది మా బావ తండ్రి పెట్టిన కట్టుబాటు. ఆ ముందు చోటంటే బావకి ప్రాణం. ఇల్లు అడుగు, ఇచ్చేస్తాడు. పొలం లేదు గాని, ఉంటే అదీ ఇస్తాడు. ఆ ముందు చోటు మాత్రం అడక్కూడదు. వెనక చోటులో ఎవరయ్యా అంటే, ఆయన తోడబుట్టిన తమ్ముడే. ట్రంపెట్టు. చిన్న మేష్టారనేవాళ్లం. చెడ్డవాడని అనను, ఆ ట్రంపెట్టు మాత్రం పక్కింటి గోడ సున్నం రాలేలా వాయించేవాడు. అన్నగారు ఎప్పుడు నిలబడతాడా అని పన్నెండు ఏళ్లుగా ఆయన మడమల వంకే చూస్తూ నడిచాడు పాపం. దానివల్ల అతనికి మెడ కాస్త వంగింది కూడాను.

ఇలా ఉండగా ఓ చలికాలం బావకి ఉబ్బసం పట్టుకుంది. పాట అయిపోయి క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాక కూడా ఆయన ఛాతీలోంచి పిల్లికూతలు సాగేవి. మొదట్లో మాకు తెలియక, పాట ఇంకా మిగిలుందనుకుని మేమూ వాయిస్తూనే ఉండేవాళ్లం. కొన్నాళ్లకి నాలుగు మెట్లు ఎక్కితే రెండు మెట్లమీద కూర్చునేవాడు. అక్కయ్య చెయ్యి పట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. తోడుగా నన్నూ రమ్మంది, పారిపోతే పట్టుకోవడానికి. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, సూటిగా చెప్పేశాడు. మందు రోజూ సక్రమంగా లోపలికి వెళితే ఎత్తువీధి ఎక్కవచ్చు, వెళ్లకపోతే క్లారినెట్ అటకెక్కుతుంది. ఇక ఎక్కడానికి గడువు రెండే నెలలు. బావ మొహం చూడాలి అప్పుడు. ఆయన అటక వైపు చూశాడు. ఆసుపత్రిలో అటక లేదు, అయినా చూశాడు.

మందు వాడడం నేర్పడానికి పక్క గదిలో ఓ సిస్టరమ్మ ఉండేది, ఇప్పుడు నువ్వు చేస్తున్న కొలువే. పొడుగాటి మనిషి, కళ్లజోడు, ఇస్త్రీ మడత చెడని చీర, మహా ఓర్పు. ఆ గదిలో ఓ బల్ల, ఓ బెంచీ, గోడమీద ఊపిరితిత్తుల బొమ్మ. సిస్టరమ్మ శ్రద్ధగా, పాఠం ఒప్పజెప్పినట్టు చూపించింది. ఇదిగో మేష్టారూ, ఇలా క్యాప్సూల్ లోపల పెట్టాలి, ఈ మీట నొక్కితే దానికి చిల్లు పడుతుంది, ముందు మీ ఊపిరంతా పక్కకి తిరిగి వదిలెయ్యాలి, తరువాత దీన్ని పళ్లమధ్య పెట్టుకుని, పెదవులు బిగించి, బలంగా లోపలికి పీల్చాలి, లోపల క్యాప్సూల్ గిరగిర తిరిగిన చప్పుడు వినబడాలి, ఆపైన పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. బావ అంతా విని, ఎంతో వినయంగా తల ఊపి, దాన్ని అందుకుని, వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, ఊదాడు. అయ్యో, అదేం ఊదుడు తల్లీ. పొడంతా సిస్టరమ్మ మొహాన. కళ్లజోడు, కనుబొమలు, పాపిడి, సర్వం ధవళం. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలున్న చోటు తప్ప తక్కిందంతా తెల్లగా ఉంది. బావ మాత్రం, గిరగిరమని చప్పుడొచ్చింది కదమ్మా, విన్నారా, అంతకంటే మంచి చప్పుడు పీలిస్తే రాదు, అన్నాడు. ఆయనకి అది మందు కాదు, శ్రుతి సరిగ్గాలేని కొత్త వాయిద్యం.

సిస్టరమ్మ పట్టు వదలలేదు. గ్లాసులో నీళ్లు పోసి గొట్టం పెట్టి పీల్చమంది. నీళ్లలోంచి బుడగలొచ్చాయి. కాగితం ముక్క బల్లమీద పెట్టి, గొట్టంతో పీల్చి పైకి లేపమంది. కాగితం తలుపు దాటి వెళ్లి ఎదురుగదిలో డాక్టరు చదువుతున్న ఎక్స్‌రే మీద వాలింది. ఆయనేమో దాన్ని కొత్తగా కనబడ్డ మచ్చ అనుకుని కాసేపు కంగారుపడ్డాడుట. చివరికి అక్కయ్యకి ఒళ్లు మండింది. సిస్టరమ్మతో అందీ, మీరు వృథాగా శ్రమపడకండమ్మా, ఇన్నేళ్ల కాపురంలో ఈయన నా మాట ఒక్కటీ లోపలికి తీసుకోలేదు, మీ పొడి తీసుకుంటాడా, అని. నేను నవ్వాను. నవ్వినందుకు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆ తరువాత నెల పైచిలుకు బావ ఇంట్లో అన్నీ సవ్యంగా సాగుతున్నట్టు కనబడింది. పొద్దున పడగ్గది తలుపేసుకునేవాడు, వచ్చి, ఆహా, ఎంత హాయిగా ఉందో అనేవాడు. క్యాప్సూళ్లు ఖర్చవుతున్నాయి. అక్కయ్యకి అనుమానం. హాయిగా ఉన్నవాడు గుమ్మానికి చేరబడి ఎందుకు మాట్లాడతాడు? ఓనాడు తలుపు సందులోంచి చూసింది. చూస్తే ఏముంది, ఈయనగారు క్యాప్సూల్‌ని నాలికమీద వేసుకుని, గ్లాసుడు నీళ్లతో, అదీ ఊదుకుని, గుటుక్కున మింగుతున్నాడు. అడిగితే ఏమన్నాడనుకున్నావ్? లోపలికి వెళ్లాలన్నారు, వెళుతోంది, ఏ దారిన వెళితే ఏం, ఊరు చేరాలి గాని, అన్నాడు. తర్కానికి లోటు లేదు. ఊపిరికే లోటు. అదిగో నవ్వావు. నీ దగ్గరా మింగేవాళ్లున్నారు కదూ? ఉంటారు. మందంటే మింగేదేనని పుట్టినప్పటి నుంచీ నేర్పిన నోరది, ఒక్కరోజులో మారమంటే మారుతుందా?

మళ్లీ ముగ్గురం సిస్టరమ్మ గదికి. ఎక్కడానికి ఇక మూడు వారాలో ఏమో. అప్పటికే చిన్న మేష్టారు ముందు చోటుకని కొత్త బూట్లు కొన్నాడని ఊళ్లో వార్త. బావ చెవినా పడింది. ఆరోజు పరిహాసం లేదు, తర్కం లేదు, సిస్టరమ్మ చెప్పినట్టల్లా వింటున్నాడు పాపం. విన్నా, నోటికి తగలగానే ఊదుడే. ఊదాక తనే నాలిక కరుచుకునేవాడు. సిస్టరమ్మ మళ్లీ ఇంకో క్యాప్సూల్ పెట్టి అందించింది. నాకు విసుగొచ్చి, ఎదురుగా మందుల రేకు పళ్లెం ఉంటే దానిమీద వేళ్లతో దరువేశాను. ఊరికే, చేతి అలవాటు. ఏ పాటకైనా ముందు నేను వేసే నాలుగు దెబ్బలున్నాయి, టక్ టక్ టక్ టక్, అవే. నాలుగో దెబ్బకి బావ భుజాలు వెనక్కి పోయాయి. పొట్ట ఉబ్బింది. ఛాతీ లేచింది. నోట్లో పెట్టుకున్నదానిలో క్యాప్సూల్ గిర్రున తిరిగింది. పీల్చేశాడు తల్లీ. ఎందుకంటే పాట ఎత్తుకునేముందు ఎవడైనా ఊపిరి నింపుకుంటాడు కదా, నలభై ఏళ్లుగా ఆ నాలుగు దెబ్బలకి నింపుకున్న ఊపిరి అది, నోట్లో ఏముందో దానికి అక్కర్లేదు. సిస్టరమ్మ ఆనందంతో లేచి నిలబడింది. ఆ మరుక్షణం బావ పాట ఎత్తుకున్నాడు. పొడంతా మళ్లీ ఆవిడ మీదికే.

అయినా సగం దొరికింది. తక్కిన సగం బిగబట్టడం. అది సిస్టరమ్మ బుర్రలోంచే వచ్చింది. మీ బ్యాండులో అందరూ ఠక్కున ఆగాలంటే ఏం చేస్తారు, అని నన్ను అడిగింది. ఆపు దెబ్బ వేస్తామన్నాను. డ్రమ్ము మీద ఒకే ఒక్క పెద్ద దెబ్బ. అది పడితే ఎవరి ఊపిరి ఎక్కడుంటే అక్కడ నిలిచిపోవాలి, మళ్లీ చిన్న దెబ్బ వేసేదాకా ఉలుకూ పలుకూ ఉండకూడదు. అయితే వెయ్యండి అంది. నాలుగు దెబ్బలు, పీల్చాడు. ఆపు దెబ్బ, బిగబట్టాడు. కళ్లు గుడ్లగూబలా పెట్టి, బుగ్గలు బిగించి, విగ్రహంలా కూర్చున్నాడు. సిస్టరమ్మ వేళ్లమీద పది లెక్కపెట్టి నాకు సైగ చేసింది. చిన్న దెబ్బ వేశాను, వదిలాడు. పొడి ఎక్కడా రాలేదు. అక్కయ్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. తీరా చూస్తే కళ్లు తుడుచుకుంటోంది.

ఇక నా గ్రహచారం మొదలైంది. రోజూ ఉదయం బడికి పోయేముందు, సాయంత్రం బడినుంచి వచ్చాక, బావగారి ఊపిరికి నేను తాళం వెయ్యాలి. రేకు పళ్లెం ఆసుపత్రిది, ఇవ్వరుగా. ఇంట్లో గిన్నె మూత మీద కొడితే ఆయన ఛాతీ లేవలేదు. నాది గిన్నె మూతకి లేచే ఛాతీ కాదు అన్నాడు. సరేనని పెద్ద డ్రమ్మే భుజాన వేసుకుని వీధి దాటి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ఊళ్లో మగవాళ్లు పొద్దున్నే పాలకి వెళతారు, మీరు బావగారి ఊపిరికి వెళుతున్నారు, వచ్చేటప్పుడు పాలు కూడా పట్టుకురండి, అనేది. చుట్టుపక్కలవాళ్లు మొదట దెబ్బలాడారు. తరువాత ఆ దెబ్బలకి లేచి బడికీ ఆఫీసుకీ తయారవడం మొదలుపెట్టారు. ఎదురింటి బామ్మగారికీ అదే జబ్బు, అదే మందు. నా డ్రమ్ము వినబడగానే కిటికీ దగ్గర కూర్చుని ఆవిడా పీల్చేది. నేను ఓ ఆదివారం ఆలస్యంగా వెళితే, పంతులూ, నేను ఊపిరి వదిలేసి కూర్చున్నానయ్యా, ఎంతసేపని కూర్చోను, అని కేకేసింది. మందయ్యాక నోరు పుక్కిలించాలని సిస్టరమ్మ ఆజ్ఞ. లేకపోతే నోరు పూస్తుందిట. ఆ పుక్కిలింతలో కూడా బావ పాటలు పాడేవాడు. ఆ ఒక్కటీ మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. రెండు వారాలయ్యేసరికి పిల్లికూతలు తగ్గాయి. మెట్లు కూర్చోకుండా ఎక్కాడు. క్లారినెట్ మళ్లీ తీశాడు.

ఎక్కే రోజు వచ్చింది. సిస్టరమ్మ ఇంకో జాగ్రత్త చెప్పింది. రోజువారీ మందు సరే, వీధి ఎక్కడానికి పావుగంట ముందు ఒకసారి, అప్పటికప్పుడు ఛాతీ వదులు చేసే మందు కూడా పీల్చమంది. అదీ అలాంటి పొడిమందే, అదే తీరు. స్టేషను ముందు అందరం బారులు తీరాం. అక్కయ్య ఇన్‌హేలర్ పట్టుకొచ్చింది. చిన్న మేష్టారు కొత్త బూట్లతో ఆ వెనకే నిలబడి చూస్తున్నాడు. బావ అతన్ని చూశాడు, ఇన్‌హేలర్‌ని చూశాడు. తరువాత చూద్దాంలే, బాగానే ఉంది, అన్నాడు. అభిమానం తల్లీ. తమ్ముడి ఎదుట నోట్లో గొట్టం పెట్టుకోవడానికి అభిమానం. అక్కయ్య దాన్ని సంచీలో వేసుకుని, మాతోపాటు వీధి పక్కన నడక మొదలుపెట్టింది.

సగం వీధిదాకా దివ్యంగా సాగింది. దర్జీ దుకాణం మలుపు తెలుసుగా, అక్కడ వీధి గోడలా లేస్తుంది. ఆ మలుపులో క్లారినెట్ కీచుమంది. ఇంకోసారి కీచుమంది. బావ వీపు నాకు ఎదురుగానే ఉంది, భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. అడుగు చిన్నదైంది. చిన్న మేష్టారు మెడ ముందుకి సాగింది. ఇక ఒక్క అడుగు, ఒక్కటంటే ఒక్కటి, నిలబడితే అయిపోయినట్టే. అప్పుడు అక్కయ్య బారులోకి చొరబడింది. ఆ వయసులో అంత వేగం నేనెరుగను. నడుస్తూనే క్యాప్సూల్ పెట్టి, మీట నొక్కి, ఆయన మూతి దగ్గర పెట్టింది. ఆ కంగారులో మిగిలింది ఆ ఒక్క క్యాప్సూలే, తక్కినవన్నీ సంచీలోంచి వీధివెంట కిందికి దొర్లిపోయాయి. ఆవిడ ఆయన చెవిలో చెప్పిన మాట నాకు స్పష్టంగా వినబడింది.

"ఊదావో, ఇంటికి రాకు."

నేను నాలుగు దెబ్బలు వేశాను. పీల్చాడు. ఆపు దెబ్బ వేశాను. వేసిన తరువాత గాని నాకు తట్టలేదు తల్లీ. ఆ దెబ్బ బావకి ఒక్కడికే కాదు కదా. బ్యాండు మొత్తానికి కదా. అందరూ ఠక్కున ఆగిపోయారు. వాయించడం ఆగింది, నడక ఆగలేదు, కాళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ నిట్టనిలువు వీధిలో అంతమంది ఊపిరి బిగబట్టి, బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేకుండా నడుస్తున్నారు. మేడలమీద జనమూ, ఎందుకో తెలియకుండానే, వాళ్లూ బిగబట్టారు. ఓ పిల్లాడు ఏడవబోయి మానేశాడు. నేను లోపల పది లెక్కపెట్టాను. పదా, పన్నెండా, ఎవరు చూశారు. చిన్న దెబ్బ వేశాను. బావ ఊపిరి వదిలి, మళ్లీ నింపుకుని, క్లారినెట్ ఎత్తాడు. తక్షణమే కుదిరిందని అనను, ఇంకో రెండు చోట్ల కీచుమంది, చరణమంతా సన్నగానే వాయించాడు. అడుగు మాత్రం నిలవలేదు. అలాగే పైదాకా ఎక్కాం.

పైన పెద్ద రభస. చిన్న మేష్టారు, అన్నయ్య పాట ఆపాడు గనక ముందు చోటు తనదే అన్నాడు. బావకి జవాబు చెప్పే ఊపిరి లేదు. మెట్లమీద కూర్చున్నాడు, అక్కయ్య నీళ్లిస్తే ఊదుకుంటున్నాడు. నేను కట్టుబాటు గుర్తుచేశాను. నిలబడితే కదా, నిలబడలేదు కదా అని. ఇంతలో మునిసిపాలిటీ ఛైర్మను మేడ దిగి వచ్చి, బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ మౌనం ఎవరి ఊహ మేష్టారూ, ఒళ్లు జలదరించింది, పాట కంటే అదే బాగుంది, ఏటేటా ఆ మలుపులో అది ఉండి తీరాలి, అన్నాడు. పాట కంటే అన్న మాటకి బావకి కోపమొచ్చింది గాని, ముందు చోటు దక్కింది కనక మింగేశాడు. మింగడం ఆయనకి అలవాటేగా. అప్పటినుంచి ఏటా దర్జీ మలుపులో నాలుగు దెబ్బలు, ఆపు దెబ్బ, మౌనం. ఇప్పటికీ ఉందిట. ఆ మధ్య ఓ బ్యాండు కుర్రవాణ్ణి అడిగితే, యుద్ధంలో పోయినవాళ్ల గౌరవార్థం అన్నాడు. నేను సరిదిద్దలేదు. ఎలా చెప్పను, ఏమని చెప్పను.

ఇంకా చాలా ఏళ్లు బావే ముందు నడిచాడు. ఆఖరున మాత్రం, మందు ఎంత సక్రమంగా పీల్చినా, కాళ్లూ వయసూ ఒప్పుకోలేదు. ఓ సాయంత్రం తమ్ముణ్ణి ఇంటికి పిలిచి, నువ్వు నడువు, నా మడమలు నీకు బాగా తెలుసుగా, అన్నాడు. చిన్న మేష్టారు ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్లావిడ చెప్పింది. ఆ ఏడు బావని దర్జీ దుకాణం మేడమీద, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం, ఊరికే చూడమని. ఒళ్లో క్లారినెట్ ఎందుకని అక్కయ్య అడిగితే తుడవడానికన్నాడు. మేము మలుపు చేరాం. నాలుగు దెబ్బలు వేశాను, ఆపు దెబ్బ వేశాను, వీధంతా మౌనమైపోయింది. అప్పుడు పైనుంచి క్లారినెట్. సన్నగా, కాస్త వణుకుతూ. ఊరంతా ఊపిరి బిగబట్టిన చోట ఆయనొక్కడే ఊదుతున్నాడు. చిన్న మేష్టారు తలెత్తి చూశాడు. వెనక్కి తిరక్కుండానే నావైపు చెయ్యి ఎత్తాడు, చిన్న దెబ్బ వెయ్యకు, అని. వెయ్యలేదు. నిలబడకూడదు కదా, అందుకని ఉన్నచోటే కాళ్లు కదుపుతూ, ఆయన పాట పూర్తిచేసేదాకా అందరం అక్కడే నడిచాం.

తరువాత కుర్చీ దగ్గరికి వెళ్లి అడిగాను, ఏమిటి బావా ఇది, అక్కడ మౌనంగా ఉండాలని నీకు తెలియదా, అని. ఆయన క్లారినెట్ మూతికుండే రీడు తుడుచుకుంటూ,

"ఖాళీగా ఉంటే, అది నా చోటే అనుకున్నానురా," అన్నాడు.

మరుసటి ఏడు ఆ కిటికీ...

ఊఁ.

అన్నట్టు, మీ అమ్మ ఊరినుంచి ఎప్పుడొస్తానంది?